కాకి లెక్కలు అన్న మాట ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న ఇది: ప్రభుత్వ శాఖలు గ్రామాల వారీగా, మండలాల వారీగా ఇన్ని వివరాలు పోర్టళ్లలో పెడుతున్నాయి, అయినా ఊళ్లో ఎవరినడిగినా "అవన్నీ కాకి లెక్కలు" అనేస్తారు. లోపం డేటాలో ఉందా, జనంలో ఉందా? ఆఫీసులో కూర్చుని డేటా పెట్టేవాళ్లు ఏం చేస్తే ఆ మాట తగ్గుతుంది?

జనానికి అంకెల మీదే నమ్మకం లేదనడం సరికాదు. అదే మనిషి కరెంటు బిల్లును మీటరు రీడింగుతో పోల్చుకుని డబ్బు కట్టేస్తాడు. పాల కేంద్రం చీటీలో వెన్న శాతం తగ్గితే అక్కడికక్కడే నిలదీస్తాడు. మీటరు ఇంటి గోడకే ఉంది, చీటీ చేతిలో ఉంది, తేడా వస్తే ఎవరినడగాలో తెలుసు. పోర్టల్లో కనిపించే అంకెకు సాధారణంగా ఈ రెండూ ఉండవు. పోల్చుకోవడానికి చదివేవాడి దగ్గర మరో కొలత ఉండదు, తప్పని తేలినా దిద్దే నాథుడు ఉండడు. పోర్టల్ ఎంత అందంగా ఉంది, మ్యాపులో ఎన్ని రంగులున్నాయి అన్నది చాలా తర్వాతి సంగతి.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఎవరూ అడగకముందే వివరాలు బయటపెట్టాలని దాని 4వ సెక్షనే చెబుతుంది. కేంద్రం 2012లో డేటాను అందరికీ అందుబాటులో ఉంచే విధానం తెచ్చింది, తెలంగాణ 2016లో సొంత ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. అంటే పెట్టడం అనే పని అంతో ఇంతో జరుగుతూనే ఉంది. వెనకబడింది సరిచూసే పని.

సరిచూడటం ఎలా ఉంటుందో తెలియాలంటే ఉపాధి హామీ సామాజిక తనిఖీని దగ్గర్నుంచి చూడాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. పనులను గ్రామసభ తనిఖీ చేయాలని 2005 చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. చాలా రాష్ట్రాల్లో అది కాగితం మీదే ఆగిపోతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో దానికోసమే ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. పని చేయించేవాళ్లు వేరు, లెక్క చూసేవాళ్లు వేరు. నమ్మకానికి మొదటి మెట్టు ఇదే: అంకె రాసినవాడే ఆ అంకెకు సాక్షి కాకూడదు.

తనిఖీ బృందంలో ఎక్కువ మంది కూలీ కుటుంబాల్లోని చదువుకున్న యువతీయువకులు, అదీ వేరే ఊరివాళ్లు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపుల వివరాలు చేతిలో పట్టుకుని ఇంటింటికీ వెళతారు. గడపలో కూర్చుని చదువుతారు: "అమ్మా, ఫలానా వారం చెరువు పూడిక పనిలో నీ పేరు మీద 6 రోజులు రాసి ఉంది. వెళ్లావా? డబ్బెంత ముట్టింది?" ఆమె 4 రోజులే వెళ్లానంటే అది రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి పోతారు. ఎం-బుక్కులో కందకం 50 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మీటరు లోతు అని ఉందనుకోండి. అంటే 25 ఘనపు మీటర్ల మట్టి తీసినట్టు లెక్క. లోతు 30 సెంటీమీటర్లే వస్తే తీసింది 15. అయితే ఇక్కడొక మెలిక ఉంది. మధ్యలో రెండు వానాకాలాలు పోయి ఉంటే కందకం పూడిపోయి ఉండొచ్చు, అది దొంగ కొలత కానక్కర్లేదు. అందుకే పని అయిన ఎన్ని నెలలకు కొలిచారో నివేదికలో రాయాలి. ఆ వాక్యం లేని తనిఖీని ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తాడు. చివరికి ఇదంతా గ్రామసభలో, ఆ పైన మండల స్థాయి ప్రజావేదికలో అందరి ముందు చదువుతారు.

ఇక్కడ ఏం జరిగిందో గమనించండి. జిల్లాలో ఇన్ని లక్షల పనిదినాలు అన్న అంకెను ఆమె నమ్మలేదు, నమ్మాల్సిన పనీ లేదు. తన పేరు పక్కన ఉన్న 6ను మాత్రం సరిచూడగలదు. ఆ 6 నిజమని ఊళ్లో పదిమంది తేల్చుకున్నాక పై మొత్తం మీద వాళ్లకు కొంత గురి కుదురుతుంది. మొత్తాలు మాత్రమే ప్రచురించి, కింది వరుసలు దాచే పోర్టల్‌కు ఆ అవకాశమే లేదు.

తనిఖీ చేసినంత మాత్రాన నమ్మకం వచ్చేస్తుందని కూడా అనుకోవద్దు. దేశవ్యాప్తంగా సామాజిక తనిఖీల్లో దుర్వినియోగమని తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. ప్రజావేదికలో పేరు చదివిన మనిషి మరుసటి నెల అదే పనిలో, అదే మస్టరు పట్టుకుని కనిపిస్తే, తర్వాతి తనిఖీకి వచ్చిన పిల్లలకు ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. అందుకే తేలిన లోపాల పక్కనే వాటిపై తీసుకున్న చర్య, వసూలైన మొత్తం, తేదీ కూడా పెట్టాలి. ఖాళీగా ఉన్నా సరే ఆ గడి కనబడాలి.

దీనికి ఎదురు ఉదాహరణ అదే పథకంలోని హాజరు ఫోటోల యాప్. 2023 జనవరి 1 నుంచి సామూహిక పనులన్నిటికీ రోజుకు రెండుసార్లు, లొకేషన్ ముద్రతో, కూలీల ఫోటో తీసి ఎక్కించడం తప్పనిసరి చేశారు. పైకి చూస్తే ఇంతకంటే పారదర్శకత ఉండదు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయి, ఫోటోకు ఫోటో తీసి పెడుతున్నారు, ఫోటోలో ఉన్న తలలకూ హాజరు సంఖ్యకూ పొంతన లేదు అని. ఫోటో ఎక్కిందా లేదా అన్నదే యంత్రం చూస్తుంది. అందులో ఎవరున్నారో చూడటానికి మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టకుండా ఫోటోలు ఎన్ని లక్షలు పోగేసినా సాక్ష్యం పెరగదు, సర్వరులో బరువు పెరుగుతుంది.

ఇక భూమి. ఇక్కడ అపనమ్మకం చాలాసార్లు మోసం వల్ల కాక కొలత వల్ల పుడుతుంది. తెలంగాణ పహాణీలో (ఊరి భూమి రికార్డులో) 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అలాంటి రికార్డే అయిన ఆంధ్ర అడంగల్‌లో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. గుంటల లెక్కను ఎక్సెల్‌లో మామూలు దశాంశంలా కూడితే ఏమవుతుందో చూడండి: 2.20కి 1.30 కలిపితే ఎక్సెల్ 3.50 అంటుంది. నిజానికి 2 ఎకరాల 20 గుంటలు, 1 ఎకరం 30 గుంటలు కలిస్తే 4 ఎకరాల 10 గుంటలు. మొత్తాల వరుసలో ఇలాంటి తప్పు ఒక్కటి దొరికినా రైతు ఆ పట్టికను మళ్లీ ముట్టుకోడు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఇంకో గడి పెట్టడమే దీనికి మందు.

సర్వే నంబరుదీ ఇదే బాధ. 12/3 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చి 12గానో, కంప్యూటరు సెట్టింగును బట్టి డిసెంబరు 3గానో మార్చేస్తుంది. ఫైలు సేవ్ చేశాక అసలు నంబరు తిరిగి రాదు. ఆ వరుసను టైపు చేయకముందే టెక్స్టుగా మార్చుకోవాలి, తర్వాత మార్చితే లాభం లేదు. బారు సంఖ్యలు 1.23ఈ+11లా మారడం, కోడ్‌ల ముందు ఉండే సున్నాలు ఎగిరిపోవడం కూడా ఈ కోవలోవే. తెలుగు పేర్లకు మరో రెండు తంటాలు. పాత ఫైళ్లు యూనికోడ్ కాని "అను" ఫాంట్లలో ఉంటే పీడీఎఫ్‌లో బాగానే కనిపిస్తాయి, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, ఎవరూ వెతకలేరు. యూనికోడ్‌లోకి మార్చిన సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) కూడా, అది యూనికోడ్ అని ఎక్సెల్‌కు చెప్పే బైట్ ఆర్డర్ మార్క్ లేకుండా పెడితే ఎక్సెల్‌లో తెలుగంతా చిందరవందరగా తెరుచుకుంటుంది. సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నది ఎంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

పేర్ల విషయంలో వరంగల్ ఒక్కటి చాలు. 2016 అక్టోబరు 11కు ముందు అది పెద్ద ఉమ్మడి జిల్లా. ఆ రోజు తెలంగాణ 10 జిల్లాలు 31 అయినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2012 నుంచి 2022 దాకా "వరంగల్" అని వెతికి గ్రాఫు గీస్తే మధ్యలో అంకె కుప్పకూలినట్టు కనిపిస్తుంది. మారింది సరిహద్దే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయిన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే గొడవ. పేరుతో పాటు స్థానిక సంస్థల డైరెక్టరీ కోడ్ (ప్రతి జిల్లాకూ, మండలానికీ, ఊరికీ కేంద్రం ఇచ్చిన నంబరు) కూడా ఒక వరుసలో పెడితే, అవి ఏ తేదీ నాటి సరిహద్దులన్నది పైన ఒక మాట రాస్తే ఈ తగాదా తీరుతుంది. తలసరి లెక్కలకు ఇంకో హెచ్చరిక కావాలి: భాగించిన జనాభా 2011 జనగణనదా, అంచనాదా?

తప్పు దిద్దే దారి లేకపోతే ఏమవుతుందో తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి చూపించింది. 2020 అక్టోబరు 29న మొదలైంది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ (రికార్డులో పేరు మార్పిడీ) ఒకేచోట, వేగంగా అయ్యేవి. రికార్డు సరిగా ఉన్నవాళ్లకు అది నిజంగా సుఖం. విస్తీర్ణం తక్కువ పడ్డవాళ్లకు, పట్టా భూమి పొరపాటున రిజిస్ట్రేషను కుదరని 22ఎ నిషేధిత జాబితాలో చేరినవాళ్లకు మాత్రం ఆ తెర గోడ అయింది. మొదట్లో తహసీల్దారుకు దిద్దే అధికారం లేదు. దరఖాస్తు సరైన మాడ్యూల్‌లో పెట్టాల్సి వచ్చేది, అది కలెక్టరు లాగిన్ దాకా వెళ్లాల్సి వచ్చేది, కాకపోతే సివిల్ కోర్టు. పాత పహాణీలోని అనుభవదారు గడి కూడా పోవడంతో, పొలంలో ఎవరున్నారో ఊరందరికీ తెలిసినా రికార్డు చెప్పలేకపోయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూభారతిలో అప్పీలు మెట్లు తిరిగి పెట్టారు. ఇందులో పాఠం భూమికే పరిమితం కాదు. నూటికి 95 వరుసలు సరిగా ఉన్న డేటాను మిగతా 5 మంది కథలు ఓడిస్తాయి, ఎందుకంటే రచ్చబండ మీద మాట్లాడేది ఆ 5 మందే.

నిర్వచనం చెప్పకపోవడం మరో పెద్ద కారణం. గాలి నాణ్యత దీనికి బాగా సరిపోయే ఉదాహరణ. హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఒక రోజు పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. భారత సూచీలో అది 100, "సంతృప్తికరం". అమెరికా సూచీలో అదే గాలి 150 దాటుతుంది, "అనారోగ్యకరం". ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల హద్దు 15 మైక్రోగ్రాములే. ఫోన్లో ప్రైవేటు యాప్ అమెరికా సూచీ చూపిస్తుంది, ప్రభుత్వ బోర్డు మన సూచీ చూపిస్తుంది. చూసినవాడు సహజంగానే ప్రభుత్వం దాస్తోందంటాడు. దానికి తోడు మన సూచీ 500 దగ్గర ఆగిపోతుంది. దీపావళి రాత్రో, ఢిల్లీ నవంబరులోనో యాప్ వెయ్యి చూపిస్తుంటే బోర్డు 500 దగ్గరే నిలబడుతుంది. ఇంకా ఉంది: సూచీ 24 గంటల సగటు, కనీసం 16 గంటల రీడింగులు ఉండాలి, కనీసం 3 కాలుష్యకాలు ఉండాలి, వాటిలో ఒకటి పీఎం 10 (కాస్త పెద్ద ధూళి) గానీ పీఎం 2.5 గానీ అయి తీరాలి. ఇవి తీరకపోతే ఆ రోజు గడి ఖాళీ. యంత్రం ఆగి ఖాళీ అయిందో, ఎవరో కావాలని తీశారో చెప్పే ఒక్క వాక్యం పక్కన లేకపోతే జనం రెండోదే అనుకుంటారు. సూచీతో పాటు అసలు మైక్రోగ్రాముల సంఖ్య గంట గంటకూ ఇవ్వడం, ఖాళీకి కారణం రాయడం, ఈ రెండూ చేస్తే సగం వాదన పోతుంది.

వానదీ ఇలాంటిదే, చిన్నది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది. మంగళవారం సాయంత్రం కురిసిన వాన బుధవారం తేదీ కింద నమోదవుతుంది. పంట నష్టం అర్జీలో రైతు మంగళవారం అని రాస్తే, పట్టిక చూసిన గుమస్తా ఆ రోజు వాన లేదని తిప్పి పంపేస్తాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

మార్కెట్ ధరల్లో "మోడల్ ధర" అన్నది సగటు కాదు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది. ఈ ముక్క బోర్డు మీద లేకపోతే, తేమ ఎక్కువై తక్కువ ధర పడిన రైతు తన తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చూసుకుని బోర్డును తిడతాడు.

ఎప్పుడు విడుదల చేస్తారన్నది ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. దేశంలో ఉద్యోగాల మీద కేంద్రం చేసిన 2017-18 ఉపాధి సర్వే నివేదిక విడుదల ఆగిపోయింది. 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ తాత్కాలిక చైర్మన్ పి.సి.మోహనన్, సభ్యురాలు జె.వి.మీనాక్షి రాజీనామా చేశారు. నిరుద్యోగం 6.1 శాతమన్న అంకె ముందుగానే ఒక పత్రికకు లీకైంది. ఎన్నికలయ్యాక మే 31న అధికారికంగా వచ్చిందీ అదే 6.1. అంకె మారలేదు, దాని పరువు మాత్రం పోయింది. అదే ఏడాది నవంబరులో 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత బాగోలేదని ప్రభుత్వం పక్కనపెట్టేసింది. లోపాలుంటే వాటిని వివరిస్తూ డేటా ఇవ్వొచ్చు, పరిశోధకులే తేల్చుకుంటారు. ఇవ్వకపోతే లోపమూ తెలియదు, ఉద్దేశమూ తెలియదు. దీనికి భిన్నంగా రిటైల్ ధరల సూచీ ప్రతి నెలా 12న, సెలవైతే తర్వాతి పనిదినాన వస్తుంది, ద్రవ్యోల్బణం పెరిగినా తగ్గినా. ఎవరికి అనుకూలమో చూడకుండా వచ్చే తేదీ ఒకటుంటే, ఆ అంకెను తప్పుపట్టేవాళ్లు కూడా లెక్క పద్ధతి మీద వాదిస్తారు, దురుద్దేశం అంటగట్టరు. మండల స్థాయి పట్టికకైనా "ప్రతి నెలా 10వ తేదీ" అని ముందే రాసి పాటిస్తే ఇదే ఫలితం.

గోప్యత దగ్గర రెండు వైపులా తప్పులు జరిగాయి. 2017 మేలో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, సుమారు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని అంచనా వేసింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. పారదర్శకత పేరుతో జరిగినా అది నిర్లక్ష్యమే. ఇప్పుడు లోలకం రెండో వైపు ఊగుతోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని సవరించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో నిరాకరించే వీలు కల్పించింది. మస్టరులో పేరే లేకపోతే గడప దగ్గర చదవడానికి ఏముంటుంది? నా అభిప్రాయంలో గీత ఇక్కడ గీయాలి: పేరు, ఊరు, జాబ్‌కార్డు నంబరు, రోజులు, మొత్తం బయట ఉండాలి, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు ఎప్పటికీ ఉండకూడదు. ఆరోగ్యం, కులం, వికలాంగత వంటివాటిలో పేర్లు తీసేసి, 10 కన్నా తక్కువ ఉన్న గడులను "10 లోపు" అని రాయాలి. చిన్న ఊళ్లో "వితంతువు, 34 ఏళ్లు, 1" అని ఉంటే పేరు రాసినట్టే.

డేటా పెట్టే ఆఫీసు రేపటి నుంచి చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పట్టిక పైన తెలుగులో అర పేజీ మాట. నమూనా:

"ఈ పట్టికలో ఒక్కో వరుస ఒక గ్రామ పంచాయతీ. పంచాయతీ కార్యదర్శులు నెలాఖరున పంపిన ఫారాల నుంచి తీసుకున్నాం. 412 పంచాయతీలకు 397 వచ్చాయి. రాని 15 పేర్లు చివర ఉన్నాయి. ఖాళీ గడి అంటే సమాచారం రాలేదు, 0 అంటే నిజంగా సున్నా. విస్తీర్ణం ఎకరాలు, గుంటలు వేర్వేరు గడుల్లో. తర్వాతి విడుదల 10వ తేదీ. తప్పు కనిపిస్తే ఫలానా హోదా అధికారికి వరుస నంబరుతో రాయండి, 15 రోజుల్లో జవాబిస్తాం."

దాని కిందే దిద్దుబాట్ల జాబితా: "వరుస 47, మే నెల: 1,840 అని ఉన్నది 1,480గా మార్చాం. నమోదులో అంకెలు తారుమారయ్యాయి." పాత ఫైలును తీసేయకూడదు, తేదీ వేసి పక్కన ఉంచాలి. చడీచప్పుడు లేకుండా అంకె మార్చి, నిన్న ప్రింటు తీసుకున్నవాడికి దొరికిపోవడం కన్నా పెద్ద నష్టం ఇంకోటి లేదు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని ఆఫీసుల్లో భయం ఉంటుంది. ఆర్నెల్లు గడిచినా ఒక్క దిద్దుబాటు కూడా లేని పట్టికను చూస్తే, అనుభవమున్నవాళ్లకు అనుమానం వచ్చేది దాని మీదే. ఇంకో గుర్తు: వరుసగా అన్ని ఊళ్లకూ 100 శాతం, లేదా అంకెలన్నీ 0తోనో 5తోనో ముగియడం. క్షేత్రంలో కొలిచిన అంకెలు అంత నున్నగా ఉండవు.

సరిచూడాలనుకునే పౌరుడు మొత్తం జోలికి పోవద్దు. తన ఊరిది ఒక పని, ఒక వారం మస్టరు ఎంచుకుని పోర్టల్ ప్రింటు తీసుకోవాలి. సమాచార హక్కు కింద ఆ పని మస్టరు, ఎం-బుక్కు నకళ్లు అడగాలి. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10; నకలు పేజీకి 2 రూపాయలు; జవాబుకు గడువు 30 రోజులు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పేర్లను ఊళ్లో అడిగి చూడాలి. తేడా ఉన్న వరుసకు గీత గీసి, ఆ నంబరుతో ఫిర్యాదు రాయాలి. "మీ లెక్కలన్నీ తప్పు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. "వరుస 47లో 6 రోజులు ఉంది, 4 ఉండాలి, కూలీ సంతకం జతపరిచాను" అని రాస్తే సంబంధిత గుమస్తా రిజిస్టరు తెరవక తప్పదు.